కప్పు కరువును కొలిచే పద్ధతి: బేస్‌బాల్ జట్ల నిరీక్షణకు ఒక లెక్కల పుస్తకం

2025 జూన్ 3 రాత్రి అహ్మదాబాద్‌లో రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు జట్టు పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి తొలిసారి ఐపీఎల్ కప్పు అందుకున్నప్పుడు, మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్ కింద చేరిన తెలుగువాళ్ల మధ్య ఒక చిన్న వాదం మొదలైంది. టీవీలో వ్యాఖ్యాతలందరూ 18 ఏళ్ల నిరీక్షణ ముగిసిందని అంటుంటే, హిందూపురం నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "2008లో మొదలైంది, 2024 దాకా గెలవలేదు. వేళ్ల మీద లెక్కపెట్టండి బాబూ, పోయినవి 17 సీజన్లే కదా" అన్నారు. అక్కడున్న కుర్రవాళ్లు 18 అని, ఆయన 17 అని చాలాసేపు వాదించుకున్నారు. నిజానికి ఎవరి లెక్కా తప్పు కాదు. కుర్రవాళ్లు జట్టు ఆడిన సీజన్లను లెక్కపెట్టారు, పెద్దాయన చేజారిన అవకాశాలను లెక్కపెట్టారు.

నేను చాలా ఏళ్లుగా అమెరికా, జపాన్ బేస్‌బాల్‌ను అనుసరిస్తూ, టైటిల్ గెలవకుండా దీర్ఘకాలం గడిపిన జట్ల వివరాలను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ ఆటలో ఈ కరువులు 40 ఏళ్లు, 80 ఏళ్లు, ఒక సందర్భంలో 108 ఏళ్లు సాగాయి కనుక, 17కూ 18కీ మధ్య మాకు వచ్చిన చిక్కు అక్కడ ఇంకా పెద్దదవుతుంది. క్రికెట్ తెలిసి, బేస్‌బాల్ కొత్తగా చూడడం మొదలుపెట్టిన తెలుగు పాఠకులు ఇటువంటి పుస్తకాన్ని తమకోసం ఎలా తయారు చేసుకోవచ్చో, అందులో ఏ అంకె రాయాలో, ఏ అంకెను నమ్మకూడదో ఇక్కడ వివరిస్తాను. కావలసినవి ఒక పుస్తకం, ఒక కాలిక్యులేటర్, అక్టోబరు నెలలో తెల్లవారుజామున లేచే ఓపిక. వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లు సాధారణంగా మన కాలమానం ప్రకారం ఉదయం 5:30 దాటాక మొదలవుతాయి.

ముందుగా ఏ కప్పో తేల్చుకోవాలి

అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు విభాగాలున్నాయి. ఒక్కో లీగ్ విజేతకు దక్కేదాన్ని పెన్నెంట్ అంటారు. ఆ ఇద్దరు విజేతలూ తలపడేది వరల్డ్ సిరీస్‌లో. అక్కడ ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారు ఛాంపియన్లు. ఈ సిరీస్ 1903లో మొదలైంది కనుక, అంతకుముందు జరిగిన పోటీలను నా పుస్తకంలో కలపను. పుస్తకంలో ప్రతి జట్టుకూ టైటిల్ కరువు, పెన్నెంట్ కరువు, ప్లేఆఫ్స్ కరువు అని మూడు వేర్వేరు గడులు గీసుకోవాలి. వీటిని కలిపేస్తే కథంతా తారుమారవుతుంది.

చికాగో కబ్స్ 1908 తరువాత 2016 వరకు టైటిల్ గెలవలేదు. కానీ ఈ మధ్యకాలంలో ఆ జట్టు పలుమార్లు వరల్డ్ సిరీస్‌కు వెళ్లింది, చివరిసారిగా 1945లో వెళ్లి ఓడింది. కాబట్టి టైటిల్ కరువు 108 ఏళ్లు, పెన్నెంట్ కరువు 71 ఏళ్లు. సియాటిల్ మారినర్స్ సంగతి వేరు. 1977లో పుట్టిన ఈ జట్టు వరల్డ్ సిరీస్‌లో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు, నేటి 30 జట్లలో అటువంటిది ఇదొక్కటే. పైగా 2002 నుంచి 2021 వరకు వరుసగా 20 సీజన్లు ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు. 2022లో ఆ మూడో గడి మూసుకుంది కాని, మొదటి రెండూ ఇంకా తెరిచే ఉన్నాయి. జపాన్‌లో హాన్షిన్ టైగర్స్ 2003లోనూ 2005లోనూ తమ సెంట్రల్ లీగ్‌లో మొదటి స్థానం సాధించి, ఆపై జపాన్ సిరీస్‌లో ఓడింది. ఆ రెండేళ్లు ఒసాకా వీధుల్లో పండుగ జరిగినా, టైటిల్ గడిలో మాత్రం కరువు అలాగే సాగింది.

మూడు అంకెలు, ఒక జాగ్రత్త

టైటిల్ గడిలో ఒకే అంకె రాయకూడదు. గడిచిన సంవత్సరాలు, గెలవకుండా పోయిన సీజన్లు, నిజంగా జరిగి కూడా దక్కని వరల్డ్ సిరీస్‌లు అనే మూడు అంకెలు పక్కపక్కన రాసుకోవాలి. కబ్స్‌కు అవి 108, 107, 106. 2016లోంచి 1908 తీసివేస్తే 108 వస్తుంది. 1909 నుంచి 2015 వరకు పోయిన సీజన్లు 107. అందులో 1994లో ఆటగాళ్ల సమ్మె వల్ల వరల్డ్ సిరీస్ జరగనే లేదు కనుక 106. బోస్టన్ రెడ్ సాక్స్ 1918 తరువాత 2004లో గెలిచింది, కనుక 86, 85, 84. చికాగోకే చెందిన వైట్ సాక్స్ 1917 తరువాత 2005లో గెలిచింది, కనుక 88, 87, 86.

ఇంకా ముగియని కరువుకు మాత్రం మొదటి రెండు అంకెలూ ఒకటే అవుతాయి. క్లీవ్‌లాండ్ జట్టు చివరిసారి గెలిచింది 1948లో. 2025 సీజన్ ముగిసేనాటికి 77 ఏళ్లు, 77 సీజన్లు, 76 సిరీస్‌లు. ఈ తేడా తెలియనివారే మా అపార్ట్‌మెంట్ కింద జరిగినటువంటి వాదంలో చిక్కుకుంటారు.

వరల్డ్ సిరీస్ మొదలైన తరువాత అది జరగని సంవత్సరాలు రెండే. 1904లో న్యూయార్క్ జెయింట్స్ ఆడడానికి నిరాకరించడంతో రద్దయింది. 1994లో ఆగస్టు 12న సమ్మె మొదలైంది. ఆ రోజుకు మాంట్రియల్ ఎక్స్‌పోస్ 74 గెలుపులు, 40 ఓటములతో అన్ని జట్లకంటే ముందుంది. ఆ జట్టుకు ఆ ఏడాది పోయింది మామూలు సీజన్ కాదు. అందుకే నేను 1994ను లెక్కలోంచి తీసేసినా, ఎక్స్‌పోస్ పేరు పక్కన దాన్ని ఎర్ర సిరాతో విడిగా రాసుకున్నాను.

జట్టు లెక్కా, ఊరి లెక్కా

అమెరికాలో జట్లు ఊళ్లు మారుతాయి, మారినప్పుడు తమ చరిత్రను వెంట తీసుకుపోతాయి. మనకు ఇది కొత్తగా అనిపిస్తుంది. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2012 తరువాత లేకుండా పోయింది. దాని స్థానంలో హైదరాబాద్‌కు వచ్చిన సన్‌రైజర్స్ వేరే యాజమాన్యం కింద పుట్టిన కొత్త ఫ్రాంచైజీ. హైదరాబాద్ అభిమాని 2009, 2016 రెండింటినీ తనవిగా చెప్పుకుంటాడు, ఫ్రాంచైజీ లెక్కలో మాత్రం సన్‌రైజర్స్‌కు ఉన్నది 2016 ఒక్కటే. ఆ రెండు ఫైనల్స్‌లోనూ ఓడింది బెంగళూరే కనుక, ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఎవరిని అడిగినా ఈ తేదీలు చెబుతారు.

బేస్‌బాల్‌లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. 1969లో మాంట్రియల్‌లో మొదలైన ఎక్స్‌పోస్ 2005లో వాషింగ్టన్‌కు తరలి నేషనల్స్ అయి, 2019లో తొలి టైటిల్ గెలిచింది. ఫ్రాంచైజీ లెక్కలో అది 50 ఏళ్ల నిరీక్షణ. వాషింగ్టన్ ఊరి లెక్కలో, 1924లో సెనేటర్స్ గెలిచిన తరువాత 95 ఏళ్లకు వచ్చిన కప్పు. ఆ సెనేటర్స్ 1961లో మిన్నెసోటాకు వెళ్లి ట్విన్స్‌గా మారింది. వెంటనే అదే సెనేటర్స్ పేరుతో వాషింగ్టన్‌లో మరో జట్టు పుట్టి, అది 1972లో టెక్సాస్‌కు వెళ్లి రేంజర్స్ అయి, 2023లో తొలిసారి గెలిచింది. ఈ చిక్కుముడిని విప్పుకోవడానికి నేను అనుసరించే నియమం ఒకటే: ప్రధాన వరుస ఫ్రాంచైజీది, దాని కింద చిన్న అక్షరాల్లో ఊరిది. రెండింటినీ కలిపి ఒకే అంకె చేయకూడదు. మాంట్రియల్ అభిమానికి 2019లో ఏ కప్పూ రాలేదన్న సంగతి ఫ్రాంచైజీ వరుసలో కనబడదు.

వంతుల లెక్క

నా అభిప్రాయంలో ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. సంవత్సరాల అంకె పెద్దదైనంత మాత్రాన కరువు పెద్దదని అనలేము, ఎందుకంటే ఎన్ని జట్ల మధ్య పోటీ జరిగిందన్నది అందులో లేదు. 8 జట్లున్న చోట 17 ఏళ్లు గెలవకపోవడం, 30 జట్లున్న చోట 17 ఏళ్లు గెలవకపోవడం ఒకటి కావు. కనుక ఇలా చేయాలి. ఒక సీజన్‌లో 16 జట్లు ఆడితే, అన్నింటికీ సమాన అవకాశం ఉందనుకున్నప్పుడు, ఒక్కో జట్టుకు న్యాయంగా రావలసింది కప్పులో పదహారో వంతు. 30 జట్లు ఆడితే ముప్ఫయ్యో వంతు. కరువు సాగిన ప్రతి సీజన్‌కూ ఆ వంతును రాసుకుంటూ పోయి చివర్న కూడితే, ఆ జట్టుకు ఎన్ని కప్పుల బాకీ పేరుకుందో తెలుస్తుంది.

ఇందుకు మేజర్ లీగ్‌లో జట్ల సంఖ్య తెలిసి ఉండాలి. 1960 వరకు 16. 1961లో 18. 1962 నుంచి 1968 వరకు 20. 1969 నుంచి 1976 వరకు 24. 1977 నుంచి 1992 వరకు 26. 1993 నుంచి 1997 వరకు 28. 1998 నుంచి నేటివరకు 30. పుస్తకం అట్ట లోపల ఈ వరుసను రాసుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కరలేదు.

క్లీవ్‌లాండ్ లెక్కను పూర్తిగా చేసి చూద్దాం. 1949 నుంచి 1960 వరకు 12 సీజన్లను 16తో భాగిస్తే 0.75. 1961కి 0.06. ఆపై 7 సీజన్లను 20తో భాగిస్తే 0.35. 8ని 24తో భాగిస్తే 0.33. 16ను 26తో భాగిస్తే 0.62. 1994ను వదిలేసి 4ను 28తో భాగిస్తే 0.14. 1998 నుంచి 2025 వరకు 28 సీజన్లను 30తో భాగిస్తే 0.93. అన్నీ కూడితే 3.18. అంటే 77 ఏళ్లలో క్లీవ్‌లాండ్‌కు మూడు కప్పులకు కొంచెం మించిన బాకీ ఉంది. ఇదే విధంగా కబ్స్‌కు 2016 గెలుపు నాటికి 5.35, వైట్ సాక్స్‌కు 2005 నాటికి 4.42, రెడ్ సాక్స్‌కు 2004 నాటికి 4.32 వచ్చాయి. 1883లో పుట్టి 1980లో గాని తొలి టైటిల్ చూడని ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కు, 1903 నుంచి లెక్కించినా 4.42 వచ్చింది. ఫిల్లీస్ నిరీక్షణ గురించి మాట్లాడేవారు చాలా తక్కువ. వంతుల లెక్కలో మాత్రం అది రెడ్ సాక్స్ కంటే బరువైనది, వైట్ సాక్స్‌తో సమానమైనది. నేను ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

ఇప్పటివరకు టైటిల్ లేని జట్ల విషయానికి వస్తే, 1969లో పుట్టిన మిల్వాకీ బ్రూవర్స్, శాన్ డియేగో పాడ్రెస్ రెండింటికీ 2025 చివరికి బాకీ 2.02. మారినర్స్‌కు 1.69. 1993లో వచ్చిన కొలరాడో రాకీస్‌కు 1.08. 1998లో వచ్చిన టాంపా బే రేస్‌కు 0.93 మాత్రమే, అంటే ఒక్క నిండు వంతు కూడా కాలేదు. దాన్ని కరువు అనడం తొందరపాటు.

ఇక దేశాలు దాటి పోల్చవచ్చు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో 1958 నుంచి 12 జట్లే ఉన్నాయి. హాన్షిన్ టైగర్స్ 1985లో గెలిచి, మళ్లీ 2023లో ఓరిక్స్ బఫెలోస్‌ను ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఓడించేదాకా 37 సిరీస్‌లు పోగొట్టుకుంది. 37ను 12తో భాగిస్తే 3.08. సంవత్సరాల్లో 38 ఏళ్ల హాన్షిన్ నిరీక్షణ, 77 ఏళ్ల క్లీవ్‌లాండ్ నిరీక్షణలో సగమే. వంతుల్లో రెండూ దాదాపు ఒకటే. అంతకంటే విశేషం హిరోషిమా కార్ప్‌ది. 1984 తరువాత టైటిల్ లేని ఆ జట్టుకు 2025 చివరికి 41 సిరీస్‌లు, అంటే 3.42 వంతులు. ఈ లెక్క ప్రకారం చూస్తే అమెరికా, జపాన్ రెండింటిలోనూ నేడు అన్నిటికంటే బరువైన కరువు క్లీవ్‌లాండ్‌ది కాదు, హిరోషిమాది.

మన బెంగళూరు జట్టుకు కూడా ఇదే కొలబద్ద పెట్టవచ్చు. ఐపీఎల్‌లో 2008 నుంచి 2010 వరకు 8 జట్లు, 2011లో 10, తరువాత రెండేళ్లు 9, 2014 నుంచి 2021 వరకు మళ్లీ 8, 2022 నుంచి 10. కూడితే 2024 చివరికి దాదాపు 2 వంతులు వస్తాయి. పాడ్రెస్, బ్రూవర్స్ 57 ఏళ్లలో మోసిన బరువును మన జట్టు 17 సీజన్లలోనే మోసిందన్నమాట. హిందూపురం పెద్దాయనకు ఈ లెక్క చూపించినప్పుడు, "అయితే ఇక్కడివాళ్ల బాధ అతిశయోక్తి కాదన్నమాట" అన్నారు.

ఒక హెచ్చరిక చెప్పాలి. బాకీ అన్నది మన పుస్తకంలోని మాటే తప్ప ఆటకు ఆ బాకీ తెలియదు. ఎక్కువ కాలం గెలవలేదు కనుక వచ్చే ఏడాది అవకాశం పెరుగుతుందని ఎన్నడూ రాయకూడదు. ఈ అంకె గడిచిన కాలాన్ని మాత్రమే కొలుస్తుంది.

కాలిక్యులేటర్ ఉన్నవారు మరో మెట్టు ఎక్కవచ్చు. సమాన అవకాశాలే ఉంటే ఇంత కరువు కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంత? ప్రతి సీజన్‌కూ గెలవకపోయే అవకాశాన్ని, అంటే 16లో 15, 30లో 29 వంటి భిన్నాలను, ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పోవాలి. క్లీవ్‌లాండ్‌కు సుమారు 3.9 శాతం వస్తుంది. కబ్స్‌కు 0.4 శాతం, అంటే సుమారు 244లో ఒకటి. ఇది చూసి విధి పగబట్టిందని అనుకోకూడదు. అప్పట్లో 16 జట్లున్నాయి, వాటిలో ఏదో ఒకదానికి ఇంత కరువు పట్టే అవకాశం దాదాపు 15లో ఒకటి. బెంగళూరు 17 సీజన్లకు ఈ అంకె 12 శాతం.

మొత్తం లీగ్‌కూ ఈ పరీక్ష పెట్టవచ్చు. 30 జట్లు 30 సీజన్లు సమాన అవకాశంతో ఆడితే, ఒక జట్టు ఒక్కసారీ గెలవకపోయే అవకాశం 36 శాతం, అంటే సగటున 11 జట్లు ఖాళీ చేతులతో మిగలాలి. 1996 నుంచి 2025 వరకు జరిగిన 30 వరల్డ్ సిరీస్‌లలో గెలిచిన జట్లు 16, గెలవనివి 14. పేర్లు రాసుకుంటూ లెక్కపెట్టి చూడండి, అరగంట పని. 1998కి ముందు జట్లు కొంచెం తక్కువగా ఉన్నా తేడా స్వల్పమే. నేటి కరువుల్లో చాలావరకు వింత ఏమీ లేదనీ, జట్ల సంఖ్య పెరిగినప్పుడు ఎవరో కొందరు ఎప్పుడూ ఎదురుచూస్తూనే ఉంటారనీ ఇది స్పష్టంగా చెబుతుంది. బేస్‌బాల్‌లో బలమైన జట్టుకైనా గెలుపు భరోసా తక్కువ. ఒక జట్టు ప్రతి మ్యాచ్‌లోనూ 55 శాతం గెలిచే సత్తా కలదైనా, ఏడు మ్యాచ్‌ల సిరీస్ గెలిచే అవకాశం 61 శాతమే. ప్లేఆఫ్స్‌లో ఐదు మ్యాచ్‌ల సిరీస్ ఒకటి, ఏడు మ్యాచ్‌లవి రెండు వరుసగా దాటి కప్పు అందుకునే అవకాశం 22 శాతం. 2001లో మారినర్స్ 162 మ్యాచ్‌లలో 116 గెలిచి కూడా లీగ్ ఫైనల్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో 4–1 తేడాతో ఓడిపోయింది.

సమాన అవకాశం అన్న ఊహ ఎక్కడ చెడుతుందో కూడా రాసుకోవాలి. 1949 నుంచి 1964 వరకు 16 సీజన్లలో అమెరికన్ లీగ్ పెన్నెంట్‌ను యాంకీస్ 14 సార్లు తీసుకుపోయింది. మిగిలిన రెండింటిలో ఒకటి 1954లో క్లీవ్‌లాండ్‌కు, మరొకటి 1959లో వైట్ సాక్స్‌కు దక్కాయి. ఆ రోజుల్లో క్లీవ్‌లాండ్‌కు మనం రాసిన పదహారో వంతు కాగితం మీద ఉన్నదే. కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ 1965లో మొదలైంది, ఆటగాళ్లకు ఒప్పందం ముగిశాక స్వేచ్ఛగా జట్టు మారే హక్కు 1975 డిసెంబరు తీర్పుతో వచ్చింది. ఈ రెండు సంవత్సరాల దగ్గర పుస్తకంలో ఒక అడ్డగీత గీయండి.

అంచుదాకా వచ్చిన రోజులు

కరువును అభిమాని మోసేది అంకెలుగా కాదు, చేజారిన కొన్ని రాత్రులుగా. అందుకోసం ఒక గడి ఉండాలి. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు తొమ్మిది ఇన్నింగ్స్‌లలో 27 అవుట్‌ల వరకు ఆడుతుంది, స్కోరు సమమైతే అదనపు ఇన్నింగ్స్ ఉంటాయి. కనుక గెలుపు ఎంత దూరంలో ఆగిపోయిందో అవుట్‌లలో, ఒక్కోసారి స్ట్రైక్‌లలో (మూడు స్ట్రైక్‌లకు బ్యాటర్ అవుట్) రాయవచ్చు. 1997లో క్లీవ్‌లాండ్ ఏడో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 2–1 ఆధిక్యంతో టైటిల్‌కు రెండు అవుట్‌ల దూరంలో నిలిచి, 11వ ఇన్నింగ్స్‌లో ఓడిపోయింది. గెలిచిన ఫ్లోరిడా మార్లిన్స్ పుట్టి అప్పటికి ఐదో సీజన్. 2011 ఆరో మ్యాచ్‌లో రేంజర్స్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకసారి, పదో ఇన్నింగ్స్‌లో మరోసారి ఒక్క స్ట్రైక్ దూరంలో ఆగింది. 1986 ఆరో మ్యాచ్‌లో రెడ్ సాక్స్ పదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యం, ప్రత్యర్థికి రెండు అవుట్‌లు, బేస్‌ల మీద ఎవరూ లేని స్థితి నుంచి ఓడింది.

ఈ గడిలో ఒకే మనిషి పేరు రాయకండి. 1986లో బంతి రెడ్ సాక్స్ ఫీల్డర్ బిల్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి పోయిందని ఇప్పటికీ చెబుతారు. కానీ బంతి అతనిదాకా వచ్చేసరికే స్కోరు సమమైంది. తరువాత ఏడో మ్యాచ్ జరిగింది, అందులో కూడా రెడ్ సాక్స్ 3–0తో ముందుండి ఓడింది. 2003లో కబ్స్ పెన్నెంట్‌కు ఐదు అవుట్‌ల దూరంలో ఉండగా, గ్యాలరీ అంచున కూర్చున్న ఒక అభిమాని చేయి బంతికి తగిలింది. ఆ తరువాత కబ్స్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) సులువైన బంతిని వదిలేశాడు, మార్లిన్స్ ఆ ఇన్నింగ్స్‌లో 8 పరుగులు చేసింది, మరునాడు ఏడో మ్యాచ్‌లో కబ్స్ 5–3 ఆధిక్యాన్ని కూడా నిలుపుకోలేదు. అయినా ఆ అభిమానిని ఊరంతా తరిమినంత పని చేశారు, అతని ఇంటికి పోలీసు కాపలా పెట్టవలసి వచ్చింది. కబ్స్ యాజమాన్యం 2016 గెలుపు తరువాత అతనికి ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది. ఒక శతాబ్దపు లెక్కను ఒక ప్రేక్షకుడి మీద మోపడం అన్యాయం. మన పుస్తకం ఆ అన్యాయంలో పాలుపంచుకోకూడదు.

కారణాల గడి

ఇక్కడ ఎక్కువమంది రాసేది శాపాలు. 1945 వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌కు బిల్లీ సియానిస్ అనే మద్యశాల యజమాని తన మేకతో వస్తే వెళ్లగొట్టారనీ, అతని శాపమే కబ్స్‌కు తగిలిందనీ కథ. హాన్షిన్ అభిమానులు 1985 సంబరాల్లో ఒక చికెన్ దుకాణం ముందున్న కల్నల్ శాండర్స్ బొమ్మను ఒసాకాలోని డోటోన్‌బొరి కాలువలో పడేశారు. 2009లో బొమ్మ దొరికింది, కప్పు మాత్రం మరో 14 ఏళ్లకు గాని రాలేదు. ప్రసిద్ధ ఆటగాడు బేబ్ రూత్‌ను రెడ్ సాక్స్ యజమాని హ్యారీ ఫ్రేజీ యాంకీస్‌కు అమ్మిన వార్త వెలువడింది 1920 జనవరిలో. దానికి శాపమన్న పేరు విస్తృతంగా వాడుకలోకి వచ్చింది 1990 తరువాత. ఈ కథలను వేరే పేజీలో, అవి ఎప్పుడు పుట్టాయో తేదీతో సహా రాయండి. శాపం కథ కరువు ముదిరాక పుడుతుందని అప్పుడు తెలుస్తుంది. కబ్స్ మేక కథ మొదలయ్యేసరికే కరువుకు 37 ఏళ్లు నిండాయి.

అసలు గడిలో జట్టు చేసిన పనులు రాయాలి. 1947లో జాకీ రాబిన్‌సన్ రాకతో మేజర్ లీగ్‌లో జాతి అడ్డుగోడ కూలింది. అంతకు రెండేళ్ల ముందు, 1945లో, రాబిన్‌సన్ బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో రెడ్ సాక్స్ ముందు తన ఆట చూపించాడు, వారు తీసుకోలేదు. నల్లజాతి ఆటగాణ్ణి చేర్చుకున్న చివరి జట్టు అదే. పంప్సీ గ్రీన్ 1959లో వచ్చాడు. ఇన్నేళ్లపాటు దేశంలోని ప్రతిభలో పెద్ద భాగాన్ని తనంతట తానే వదులుకున్న జట్టుకు శాపం అక్కరలేదు. దీనికి ఎదురుగా క్లీవ్‌లాండ్‌ను పెట్టండి. 1947 జులైలోనే లారీ డోబీని తీసుకుని, అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడికి చోటిచ్చిన జట్టు అది. 1948లో మరో నల్లజాతి ఆటగాడు శాచెల్ పేజ్‌ను కూడా చేర్చుకుని ఆ ఏడాదే గెలిచింది. ఆ చివరి కప్పు వెనుక ఆ నిర్ణయం ఉంది. కబ్స్ విషయంలో, 1961లో ఒకే మేనేజర్‌ను పెట్టుకోకుండా కోచ్‌ల బృందంలో ఒకరి తరువాత ఒకరికి పగ్గాలు అప్పగించిన ప్రయోగం రాయదగినది.

అలాగే కరువు ముగిసిన కారణాలు కూడా ఇదే గడిలోకి రావాలి. 2004లో రెడ్ సాక్స్ జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టైన్. 2016లో కబ్స్ బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు కూడా ఆయనే. 86, 108 ఏళ్ల రెండు కరువులు ఒకే వ్యక్తి నిర్వహణలో ముగిశాయన్న సంగతి, ఆటగాళ్ల ఎంపికలో ఓర్పు, గణాంకాల వినియోగం ఎంత పనిచేస్తాయో చూపుతుంది.

వరుస మూసేటప్పుడు

కరువు ముగిసిన రోజున రాయవలసింది తేదీ, ఊరు, ప్రత్యర్థి, స్కోరు. తేదీ విషయంలో మనం జాగ్రత్తపడాలి. కబ్స్ ఏడో మ్యాచ్ అమెరికాలో 2016 నవంబరు 2 రాత్రి క్లీవ్‌లాండ్‌లో మొదలై, అర్ధరాత్రి దాటాక 10వ ఇన్నింగ్స్‌లో 8–7తో ముగిసింది. మధ్యలో వాన వల్ల 17 నిమిషాలు ఆగింది. మనకు అప్పుడు నవంబరు 3 ఉదయం పది దాటింది. నేను ఎప్పుడూ మ్యాచ్ మొదలైన ఊరి తేదీనే రాస్తాను. ఆ రోజు మూసుకున్న వరుస కింద మరో వరుస పొడవు పెరిగిందని కూడా గమనించాలి. సిరీస్‌లో 3–1తో ముందుండి ఓడింది క్లీవ్‌లాండే.

ఆ తరువాత మనుషుల కోసం ఒక పంక్తి వదలండి. 2016లో చికాగో అభిమానులు కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ గోడల మీద సుద్దముక్కలతో, ఈ గెలుపు చూడకుండానే చనిపోయిన తల్లిదండ్రుల, తాతల పేర్లు రాశారు. 108 అన్న అంకెకు అర్థం ఆ గోడ మీద ఉంది. నా పుస్తకంలో బెంగళూరు వరుసకు ఎదురుగా ఉన్న పంక్తి వేరు. 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర విజయోత్సవానికి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది ప్రాణాలు కోల్పోయారు. స్కోరు పక్కనే అది కూడా రాశాను.

2025 అక్టోబరులో మారినర్స్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి టొరంటో చేతిలో 4–3తో ఓడింది. తొలి వరల్డ్ సిరీస్‌కు అంత దగ్గరగా ఆ జట్టు ఎన్నడూ రాలేదు. టొరంటో ఆపై వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో ఏడో మ్యాచ్‌లో 11 ఇన్నింగ్స్‌ల తరువాత 5–4తో ఓడింది కనుక, 1993 నుంచి సాగుతున్న దాని వరుస కూడా తెరిచే ఉంది. వచ్చే సిరీస్ ముగిసిన ఉదయం చేయవలసింది ఇది: గెలిచిన జట్టు వరుస మూసేసి, మిగిలిన 29 జట్ల ఎదురుగా 0.033 కలపాలి. క్లీవ్‌లాండ్ గెలవకపోతే దాని అంకె 3.21 అవుతుంది. జపాన్ సిరీస్ ముగిశాక హిరోషిమాకు 0.083 కలపాలా, లేక వరుస మూయాలా అన్నది కూడా దాదాపు ఆ వారంలోనే తేలుతుంది.